ఆఖరి కాపీ

యావత్ జమైకా జాతికీ, సంగీత చరిత్రకూ, రాబోయే ఏడు తరాలకూ శిరసు వంచి క్షమాపణలు. డిగ్రీ పట్టా పుచ్చుకుని కింగ్‌స్టన్ రికార్డుల ఫ్యాక్టరీలో నేను వెలగబెట్టే ఉద్యోగం, అమ్ముడుపోని పాత రెగె భక్తిపాటల రికార్డులను కరిగించి, కుర్రకారు చిందులేసే డాన్స్‌హాల్ హోరుపాటల కొత్త రికార్డులు అచ్చువేయడం.

మొన్న మధ్యాహ్నం ఎల్కానా అనే ముసలి గాయకుడు వచ్చాడు. ఇద్దరు అన్నలతో గొంతు కలిపి అతను పాడిన ఆల్బమ్ ఏడాదిగా మా గోదాములో మూలుగుతూ వచ్చింది.

"అన్నీ కరిగించకు, ఒక్కటి ఉంచు తమ్ముడూ. అన్నలిద్దరూ పోయారు. వాళ్ళ గొంతు ఇంకెక్కడా లేదు."

"నీ దగ్గర ఒక్కటైనా దాచుకోలేదా, పెద్దాయనా?"

"ఉన్నవన్నీ రేడియో వాళ్ళకి పంచాం. ఒక్కడూ వెయ్యలేదు."

"ఇప్పుడు జనానికి కేకలు కావాలి, ప్రార్థనలు కాదు," అంటూ లోపలికి వెళ్ళి, ఒకటి తెచ్చిచ్చాను.

లేబుల్ మీది మూడు పేర్లనూ వేలితో తడిమి ఏడ్చాడు. ఇంట్లో ప్లేయర్ లేదట. ఆదివారానికి ఎవరినో అడిగి తెచ్చుకుంటాడట.

చరిత్రకు చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. కరిగించమన్నది యజమాని. ఎల్కానా రికార్డులన్నీ అతను రాకముందే, ఆ రోజు పొద్దున్నే కరిగిపోయాయి. కరిగించే ముందు ఒలిచిన లేబుళ్ళలో ఒకటి తీసి, కొత్త డాన్స్‌హాల్ రికార్డు మీద అంటించింది మాత్రం నేనే.