సీలు తీయని పెట్టె

"ఫోటో ఒప్పుకోరంట మంజప్పా. అసలు బొమ్మే తెమ్మంటాండారు" అంది నేత్రావతి. వచ్చినప్పటి నుంచి ఆమె ఆ ఒక్క మాటే చెబుతోంది.

మంజునాథ్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. సింగపూర్ నుంచి ఎవరో మాట్లాడుతున్నారు. కూర్చోమని చేత్తో సైగ చేశాడు. నేత్రావతి కూర్చోలేదు. భుజాన బ్యాగు అలాగే వేలాడుతోంది. అది బెంగళూరుకు సర్దుకున్న బ్యాగు.

మర్నాడు పొద్దున బెంగళూరులో చిత్రప్రదర్శన ఎంపిక సంఘం ముందు ఆమె గీసిన ఆ బొమ్మ ఉండాలి. నెగ్గితే ఏడాది పొడుగునా దేశంలోని పెద్ద ఊళ్ళన్నీ తిరుగుతుంది. కంప్లి బడిలో పిల్లల చేత మామిడిపళ్ళు, జెండాలు గీయిస్తూ బతుకు వెళ్ళదీస్తున్న డ్రాయింగ్ టీచరుకు ఇంకేం కావాలి? పైగా నలభై అయిదు దాటితే పేరు తీసుకోరు. ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

మాట్లాడటం అయ్యాక మంజునాథ్ కుర్చీ ఇటు తిప్పాడు.

"నా దగ్గర ఉంటే నీకు ఇచ్చేదానికేంది అక్కా? అది స్విట్జర్లాండు గోదాములో ఉండాది."

"తెప్పించు."

అది కుదరదని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. తన దగ్గర కొన్న దుబాయి ఆయన సింగపూర్ ఆయనకు అమ్మాడు. సింగపూర్ ఆయన లండన్ ఆవిడకు అమ్మాడు. పెట్టె మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు, కాగితాలే చేతులు మారాయి. ఇక్కడ వేసిన సీలు ఇప్పటికీ అలాగే ఉంది. అది తీస్తే ధర పడిపోతుంది.

"అయితే కొన్నోళ్ళు ఎవురూ దాన్ని కండ్లతో చూడలేదా?"

"చూసేదానికి కొనరక్కా. ఉంచుకునేదానికి కొంటారు."

నేత్రావతి చుట్టూ చూసింది. ఇదే చోట మంజునాథ్ నాన్న చీరల కొట్టు ఉండేది. మేడ మీద గదిలో నాలుగు బొమ్మలు తగిలించుకుని, మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను లోపలికి రమ్మని బతిమాలుకునేవాడు మంజునాథ్. ఇప్పుడు కొట్టు పోయి చల్లటి అద్దాల హాలు వచ్చింది. గోడకున్న గడియారాలు ఒక్కొక్కటీ ఒక్కో దేశం టైము చూపిస్తున్నాయి. ఎవరొచ్చినా అతను చెప్పే మొదటి మాట, ఈ వ్యాపారమంతా నేత్రక్క బొమ్మతోనే లేచింది అని.

ఇంకోటి గీయరాదా అన్నాడు. గీయకేం, వేసవి సెలవులంతా గీసింది. ఆ మొహం మళ్ళీ రాలేదు. ఆ బొమ్మకు కూర్చున్న అమ్మ హొన్నూరమ్మ ఇప్పుడు లేదు.

"నా బొమ్మ ధర లండన్లో అందరికీ తెలుసు. అదెట్లుంటాదో బళ్ళారిలో ఒక్కరికీ తెలీదు. ఇదేం పేరు మంజప్పా?"

"సుమ్నె ఊరుకో అక్కా, పేరు పెరుగుతాంది గదా" అంటూ అతను మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు.

ఇంకో మాట అంటే ఏడుపొచ్చేలా ఉంది. నేత్రావతి బయటికి నడిచింది. హాలు పక్క సందులో తలుపు తెరిచి ఉంది. గడపలో నిలబడి వరలక్ష్మమ్మ చేయి ఊపుతోంది. ఆమె మంజునాథ్ తల్లి. హాలు వెనక పాత ఇంట్లోనే ఉంటుంది.

"అంతా ఇనపడినాది. లోపలికి రా పాపా. వానికి చెప్పొద్దు."

దేవుని గదిలోకి తీసుకుపోయింది. వెంకటేశ్వరస్వామికీ సత్యనారాయణస్వామికీ మధ్య, చేటలో వడ్లు చెరుగుతూ హొన్నూరమ్మ కూర్చుని ఉంది. ఫ్రేముకు మల్లెపూల దండ. నుదుట నేత్రావతి కుంచె మొనతో పెట్టిన చిన్న బొట్టు కనబడకుండా అద్దం మీద రూపాయంత కుంకుమ.

నేత్రావతి భుజాన ఉన్న బ్యాగు దించింది. బొమ్మ ముందు కూర్చుంది.

"పెట్టె కోసం ఆ లారీ వచ్చింది శుక్రవారం, దీపాలు పెట్టే యాళకు" అంది వరలక్ష్మమ్మ. "చేట నిండా వడ్లతో ఉండే మహాలక్ష్మిని ఆ పొద్దు గడప దాటిస్తారా ఎవరన్నా? తెల్లారి పంపిద్దామంటే వాడు ఇంటాడా? పెట్టెకు మేకులు కొట్టకముందే తీసేస్తి."

"మరి ఆ పెట్టెలో ఏముండాది పెద్దమ్మా?"

"మా ఆయన ఫోటో. కొట్లో గల్లాపెట్టె వెనక ఉండేది గదా, అది. సరిగ్గా పట్టింది. పాపం, బతికినన్నాళ్ళూ హొసపేట దాటి పోలేదు మనిషి."

సింగపూర్, దుబాయి, లండన్ వాళ్ళు పోటీలు పడి కొన్నది చీరల కొట్టు శంకరనారాయణనని అర్థమయ్యేసరికి నేత్రావతికి నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఈ సంగతి మంజునాథ్‌కు తెలుసా అని అడిగింది.

"చెప్తే వానికి నిద్ర పడతాదా? లక్ష్మి ఇంట్లోనే ఉండాది, యాపారం దేశాలు దాటి పోతాంది. ఇంగేం కావల్లని సుమ్నె ఉండా."

నేత్రావతి లేచింది. రాత్రి రైలుకు ఇంకా కావలసినంత టైముంది. దండ తీసి పక్కన పెట్టింది. ప్రదర్శన అయిపోగానే మళ్ళీ తెచ్చి ఇదే మేకుకు తగిలిస్తానంది.

"నీ అమ్మ, నీ బొమ్మ. నన్ను అడిగేదేంది? తీసకపో తల్లీ" అంది వరలక్ష్మమ్మ.

నేత్రావతి రెండు చేతులతో ఫ్రేమును మేకు మీంచి ఎత్తింది. వరలక్ష్మమ్మ అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించి, మెల్లగా ఆ ఫ్రేము అంచు మీద చేయి వేసింది.

"రేపు తెల్లారినాక వచ్చి తీసకపో. ఈ పొద్దు గూడా శుక్రవారమే గదా."