అరవై మూడు పళ్లు

"ఈ బొమ్మకు చేసిన సేవలో సగం మా అక్కకు చేసుంటే, ఈపాటికి ఆవిడా హార్ప్ వాయించేది బావా!" అన్నాడు బావమరిది.

మరబొమ్మల మేస్త్రి నవ్వలేదు. ఉక్కు దువ్వెన చివరి పన్నును ఆకురాయితో రుద్దుతున్నాడు.

బల్ల మీద మూరెడు ఎత్తు ఫ్రెంచి దొరసాని. నూట ముప్పై ఏళ్ల నాటిది. తాళం తిప్పితే చేతిలోని హార్ప్ తీగలు మీటుతుంది. తల వంచుతుంది, రెప్పలు వాలుస్తుంది, ఊపిరి పీల్చినట్టు గుండె పైకి లేస్తుంది. పాట మాత్రం పీఠంలోనిది. ముళ్లు దిగేసిన ఇత్తడి రోలరు తిరుగుతూ ఉక్కు దువ్వెన పళ్లను మీటుతుంది.

తొమ్మిదేళ్ల కిందట బాగుచేయడానికి వచ్చింది. రోలరు వేగాన్ని పట్టి ఉంచే చిన్న రెక్క ఒకటుంటుంది. తాళం తిప్పితే బిగిసే స్ప్రింగును పూర్తిగా వదులు చేశాకే దాన్ని తీయాలి. వదులుగానే ఉందనుకుని మేస్త్రి తీసేశాడు. రోలరు వెర్రెత్తినట్టు తిరిగింది. రెండు క్షణాల్లో అరవై మూడు పళ్లు విరిగాయి.

"తాళం ఎవరు తిప్పారు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

రోజూ బొమ్మలు తుడిచేది భార్య. తుడిచాక ఒక్కోదానికి రెండు చుట్లు తిప్పడం ఆమెకు సరదా.

"ఇవాళ తిప్పానో లేదో... గుర్తులేదండీ."

"ఇంకెవరు తిప్పుతారు? నీ చేతులు పడిపోను!"

బొమ్మ యజమాని దాన్ని మేస్త్రి మొహానే పడేసి పోయాడు. ఊళ్లో పేరు పోయింది. ఆమె మళ్లీ ఆ గదిలో కాలు పెట్టలేదు. కాఫీ గడప దగ్గరే పెట్టి వెళ్లేది.

మేస్త్రి ఒక్కో పన్నూ చేశాడు. శ్రుతి కుదరకపోతే విరిచేసి మళ్లీ చేశాడు.

ఈ రోజు పూర్తయింది.

"రా అక్కా, బొమ్మేం కరవదు" అని బావమరిది ఆమెను చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చాడు.

మేస్త్రి తాళం తిప్పాడు. దొరసాని తల వంచింది. ఒక్క స్వరం కూడా తప్పలేదు. పాట అయిపోయేసరికి భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నీకో మాట చెప్పాలి" అన్నాడు మేస్త్రి. తొమ్మిదేళ్లుగా ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

"మీరేం చెప్పొద్దు. నా చేతులే చెడ్డవి. ఆ పళ్లు చేసీ చేసీ మీ చూపు కూడా మందగించింది. క్షమించానని నోరారా ఒక్కసారి అనండి. చాలు."

"అనెయ్ బావా, మాటకేమన్నా సుంకమా?"

"క్షమించాను" అన్నాడు మేస్త్రి.

ఆమె గుడ్డ తీసుకుని, భయం భయంగా, దొరసాని పీఠం తుడిచింది.

పళ్లు విరిగిన రోజు పొద్దున్నే, ఆమె ఇంకా లేవకముందే, పాట ఒకసారి విందామని తాళం నిండా తిప్పింది తానేనని మేస్త్రికి అదే రోజు సాయంత్రం గుర్తొచ్చింది.