కట్ట మీద గునపం

కాలువ కట్టని గునపంతో తవ్వుతున్న మనిషిని బాలశౌరి మిట్టమధ్యాహ్నం చూశాడు.

డెబ్భై నాలుగు ఆగస్టు. పటమట దిగువన నాట్లు వేసి నాలుగు రోజులైంది. కాలువ నిండుగా పారుతోంది. కట్ట తెగితే యాభై ఎకరాలు మునుగుతాయి.

బావమరిది రత్తయ్యనీ, ఇద్దరు పాలేళ్లనీ కేకేసి పరుగెత్తాడు.

"ఎవడ్రా నువ్వు? ఏ ఊరు?"

"ఈ దిబ్బేనయ్యా. యానాదోణ్ణి."

దిబ్బ అక్కడికి నలభై గజాలు. కాలువ తవ్వకముందు నుంచే యానాదుల గుడిసెలు దానిమీద ఉన్నాయి. దాన్ని చదును చేసి పొలంలో కలుపుకోవాలని బాలశౌరి ఆశ. వారంలో ఖాళీ చెయ్యమన్నాడు. వాళ్లలో ఒక్కడి పేరూ అతనికి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"చూశావా బావా! పొమ్మన్నామని కక్ష. మనల్ని ముంచి పోదామని," అన్నాడు రత్తయ్య.

"కాదయ్యా. ఎలక బొరియ. అవతల నీళ్లు ఊరతన్నాయి. కడదాకా తవ్వి బంకమట్టి కుక్కాల. పైపైన మూస్తే ఆగదు. ఒక్క గంట."

"గంటలో కాలవంతా మా పొలంలో ఉంటది. నీ ఎనక ఎవరున్నార్రా?" అన్నాడు బాలశౌరి.

"ఎవరూ లేరయ్యా. పనయ్యాక కొట్టండి."

"మనకే టైం చెప్తన్నాడండోయ్!" పాలేళ్లు నవ్వారు.

గునపం లాక్కున్నారు. దానితోనే కొట్టారు.

అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. గోతిలో మట్టి అదుముతూనే ఉన్నాడు. మూడో దెబ్బకి చేతులు ఆగాయి.

పక్కకి ఈడ్చి పడేశారు.

రత్తయ్య పైమట్టి కాలితో గోతిలోకి నెట్టి, తొక్కాడు. "అయిపోయింది. దీనికి గంటంట!"

ఆ ఊపులోనే దిబ్బ ఎక్కారు. పన్నెండు గుడిసెలు తగలబెట్టారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. ఎటు పోయారో ఎవరూ చూడలేదు.

పొద్దు వాలకముందే కట్ట తెగింది.

కాలువ కాపలా చూసే లస్కరు ఆమోసు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"రావయ్యా ఆమోసూ! పదిహేనేళ్లలో ఒక్క గండి పడనియ్యలేదు నువ్వు. తొందరగా ఆపు. నీకు తెలీని పనా?" అన్నాడు బాలశౌరి.

"జక్కయ్యని పిలవండి."

"జక్కయ్యెవరు?"

ఆమోసు సైకిలు పక్కన పడేశాడు. కట్ట మీద పడి ఉన్న మనిషిని చూశాడు. వెళ్లి పక్కన కూర్చున్నాడు. తెరుచుకునే ఉన్న అతని కళ్లు మూశాడు.

"నాకా పని తెలీదండీ. ఖాకీ చొక్కా తొడుక్కుంది నేనేగాని, ఇన్నేళ్లూ ఈ కట్టని కాసింది ఇతనేనండీ."