తోలు జాకెట్‌కు లైనింగ్

"ఇది కూడా కాదమ్మా," అన్నాడు మామగారు, పార్శిల్లోంచి తీసిన గుడ్డను వేళ్ల మధ్య నలుపుతూ. "జర్రున జారిపోతోంది. ఇది లోపల వేసి కుట్టావంటే జాకెట్ ఒక దారి, నేనొక దారి."

కోడలు తల వంచుకుని కుట్టుమిషను మీద లేని దుమ్ము తుడిచింది. ఇది మూడో పార్శిల్. మొదటిసారి బొంతలాంటి ఉన్ని వచ్చింది. రెండోసారి ఒళ్లు గీరుకుపోయే ముతక గుడ్డ. ఇప్పుడీ శాటిన్. ఆయన అడిగింది మాత్రం మొదటినుంచీ ఒకటే. మెత్తటి నూలుగుడ్డ, మధ్యలో పలచగా దూది పరిచి గళ్లుగళ్లుగా కుట్టింది.

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. మూడు ఊళ్ల అవతల ఉన్న గుడ్డల కొట్టుకు ఫోన్ చేసి, ప్రతిసారీ వేరే గుడ్డ పంపమని చెప్పింది ఆమే.

అది మొగుడి ఉపాయం. "ఆపరేషనయిన గుండె. మోటారు సైకిలెక్కితే ఇంకేమైనా ఉందా? జాకెట్ లేకుండా ఆయన వీధి చివరిదాకా కూడా బండి తీయరు, అదొక పట్టు ఆయనకి. లైనింగ్ పడిందా, ఇక పట్టపగ్గాలుండవు. ఎలాగోలా నాన్చు," అన్నాడు. అని, తను చక్కగా ఆఫీసుకు పోయాడు. అబద్ధాలల్లే పని ఈమెకు మిగిలింది.

"నేనేం చేసేది మామయ్యా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నేను చెప్పేదొకటి, వాళ్లు పంపేదొకటి."

"ఫోన్ చేసి దులిపెయ్యలేకపోయావా?"

"చేశాను."

"ఏమన్నారు?"

ఒక అబద్ధం నిలబడాలంటే ఇంకో అబద్ధం గుంజలా పాతాలి కదా. నోటికొచ్చింది అనేసింది.

"ఏమంటారు... గుడ్డల గురించి నీకేం తెలుసు, నువ్వు కొనే మొహమేనా అన్నారు."

గుడ్డ నలుపుతున్న మామగారి వేళ్లు ఆగిపోయాయి.

"నిన్నా?"

"పోనీలెండి మామయ్యా, వదిలేయండి."

సిగ్గుతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఆ నీళ్లకు ఇంకో అర్థం చెప్పుకున్నాడని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. దాంతో ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

ఆయన మెల్లగా కుర్చీలోంచి లేచాడు.

"ఆ గుడ్డ మడిచి ఇటివ్వు. తిప్పి పంపేద్దాం. పోస్టాఫీసులో నేనిచ్చొస్తాను."

"ఈ చలిలో మీరెందుకు? ఆయన వచ్చాక..."

"కాళ్లాడించమనేగా డాక్టరు చెప్పింది," అని పార్శిల్ చంకన పెట్టుకుని గది దాటాడు.

ఆమె మిషను ముందు కూలబడింది. పక్కింటివాళ్ల కర్టెన్లు మిగిలి ఉన్నాయి. ఏమీ ఆలోచించకూడదని గట్టిగా తొక్కింది. మిషను మోతకు కిటికీ అద్దాలు కూడా అదిరాయి. అయినా ఆలోచన ఆగలేదు. దారం తెగింది. ఎక్కించింది. మళ్లీ తెగింది. చూస్తే అంచు తిరగేసి కుట్టింది. విప్పడం మొదలుపెట్టింది.

ఫోన్ మోగింది. మొగుడు.

"నాన్న ఏం చేస్తున్నారు?"

"పోస్టాఫీసుకు వెళ్లారు."

"మంచిదే, కాస్త నడిచినట్టుంటుంది. ఈసారి ఏ గుడ్డ పంపమంటావ్?"

"ఇక నావల్ల కాదండీ. ఆయన ముఖం చూడలేకపోతున్నాను."

"ఏ నడిరోడ్డు మీదో గుండె పట్టుకుని పడిపోతే చూడగలవా?"

ఆమె ఏదో అనబోయేలోగా అటు పెట్టేశాడు.

మధ్యాహ్నమైంది. వండినవి చల్లారిపోతున్నాయి. మామగారు రాలేదు. ఎవరో పాత స్నేహితుడు కలిసి ఉంటాడు, మాటల్లో పడితే ఆయనకు ఆకలి గుర్తుండదు. అలా అనుకుంటూనే కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది.

గోడకు తగిలించిన జాకెట్ కనిపించింది. దించి ఒళ్లో వేసుకుంది. పాత లైనింగ్ విప్పేసి ఉండడంతో లోపలంతా పచ్చిగా, కుట్లు తేలి, చూస్తే ఆపరేషన్ మధ్యలో వదిలేసి వెళ్లిన మనిషిలా ఉంది. భుజాల దగ్గర తోలు ఆయన ఒంటి వంపుల్లోనే గట్టిపడిపోయింది. ఆమె కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆయన తనకంటూ అడిగింది ఈ ఒక్కటే. దానికి ఇన్ని నాటకాలు.

భయం ఒకవైపు, పాపం ఒకవైపు లాగాయి. చివరికి తనే ఒక తీర్పు చెప్పుకుంది. కుట్టి ఇచ్చేస్తుంది. వీధి చివరిదాకా, అదీ తను వెనక కూర్చుంటేనే అని ఒట్టు వేయించుకుంటుంది. మొగుడు అరిస్తే అరవనీ.

మళ్లీ మనసు మారకముందే కొట్టుకు ఫోన్ చేసింది.

"హలో, నేనండీ, తోలు జాకెట్ లైనింగ్..."

"మీరా అమ్మా," అన్నాడు కొట్టాయన. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఇవాళ గొంతు బాగా తగ్గించాడు.

"ఈసారి మెత్తటి నూలుదే పంపండి. దూది పరిచి గళ్లుగా కుట్టింది. ఇక మార్చను. ఆలస్యం చేయకండి."

"గుడ్డ సంగతి తర్వాత చూద్దాం గానీ, నేను మిమ్మల్ని ఎప్పుడైనా పల్లెత్తు మాటన్నానా అమ్మా?"

"లేదండీ. ఏం, ఎందుకలా అడుగుతున్నారు?"

"ఆ మాటేదో ఈయనతో మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి. ఎవరో పెద్దాయన, ఒట్టి చొక్కాతో చలికి వణికిపోతూ ఇప్పుడే మా కొట్టు ముందు మోటారు సైకిల్ దిగాడు. 'మా కోడలి చేత కంటతడి పెట్టించింది ఎవడ్రా' అని అడుగుతున్నాడు."