ఏడో నంబరు చాదస్తం

"మళ్ళీ లెక్కపెట్టు," అంది మేడమ్.

"రెండుసార్లు పెట్టానండి. అరగంటలో నలభై ఒక్కసారి," అంది లెక్కలమ్మ.

ఆ ప్రయోగశాలలో బల్ల మీద వదిలిన ఎలుక ఏ మూలకి ఎన్నిసార్లు వెళ్ళిందో వీడియో చూసి రాయడమే ఆమె పని. మిగతా ఎలుకలు నాలుగు మూలలూ వాసన చూసి ఎక్కడో ఒకచోట సర్దుకున్నాయి. ఈ ఏడో నంబరుకి మాత్రం కిటికీ వైపు మూల తప్ప ఇంకో లోకం లేదు. వెళ్తుంది, చెక్క గీరుతుంది, రెండడుగులు వెనక్కి వేస్తుంది, మళ్ళీ వెళ్తుంది. లెక్క రాస్తూనే లెక్కలమ్మకి జాలేసింది.

మేడమ్‌కి జాలి కాదు, సంబరంగా ఉంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం వచ్చి వాలే గూళ్ళుంటాయట. మందుతో వాటిని రెచ్చగొడితే ఎలుక చేసిన పనే చేస్తుంది, మూసేస్తే ఊరుకుంటుంది. ఆమె నిరూపించాల్సింది అదే. సగం ఎలుకలకి మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. దేనికి ఏది పడిందో అంటించిన కవరులో ఉంటుంది. పని ముగిసేదాకా దాన్ని ఎవరూ విప్పకూడదు.

"కవరు దాకా ఎందుకు, ఇది మందు ఎలుకే. గూళ్ళు మూసే సూది వేసెయ్," అంది మేడమ్.

ఆ మూలలో ఏమైనా ఉందేమో ఒకసారి చూద్దామని లెక్కలమ్మ నసిగింది. తుడిచిన బల్ల మీద ఏముంటుంది, నీ చాదస్తం కాకపోతే, అని మేడమ్ కొట్టిపారేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. లెక్కలమ్మ సూది వేసింది.

చాదస్తం అనగానే ఇల్లు గుర్తొచ్చింది. అత్తగారు రోజుకి ముప్పై నలభైసార్లు వంటింట్లోకి వెళ్ళి సిలిండరు మీట కట్టేసి వస్తారు. గ్యాస్ వాసనట. ఇంట్లో మిగతా ఇద్దరికీ ఏ వాసనా రాదు. అనుమానం పెనుభూతమని కొడుకు విసుక్కున్నాడు, చివరికి డాక్టరుకి చూపించాడు. ఆయన రాసిన మాత్ర కూడా ఈ గూళ్ళు మూసేదే. మొదటి మాత్ర ఈ రోజు పొద్దున్న లెక్కలమ్మే చేతిలో పెట్టింది.

అత్తగారు మాత్రని అటూ ఇటూ తిప్పి చూశారు. "వేసుకుంటాలే అమ్మాయ్. మరి మీట ఎవరు కడతారు?"

తను చూసుకుంటానని చెప్పింది. బస్సు వేళైపోతోందని పరిగెత్తింది.

ఈలోగా సూది పనిచేసింది. ఏడో నంబరు బల్ల మధ్యలో ముద్దలా కూర్చుంది. అరగంటకి లెక్క సున్నా. మేడమ్ నవ్వుతూ కవరు చింపి కాగితం మీద వేలు పెట్టి చదివింది. ఏడు దగ్గర నవ్వు ఆగిపోయింది.

"ఉప్పునీళ్ళు," అంది. ఎలుకల్ని తారుమారు చేసింది నువ్వేనని, నీ వల్ల రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరైందని తిట్టి, విసురుగా వెళ్ళిపోయింది.

లెక్కలమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉండగా మేత తాత వచ్చాడు. ఎలుకలకి మేత, నీళ్ళు చూసే ముసలాయన.

"ఏడో నంబరుతో పనైపోయిందా అమ్మా? పిల్లలకి పాలివ్వాలి."

"పిల్లలేమిటి తాతా?"

లెక్కకి ఒక ఎలుక తక్కువైందట. మేడమ్ అరుస్తుందని, నాలుగు రోజుల క్రితం ఈనిన దాన్ని పంపాడట. తల్లికి దగ్గరగా ఉంటాయి కదా అని, పిల్లల్ని దూదిలో చుట్టి, కిటికీ వైపు మూల కిందే, బల్ల అడుగున ట్రేలో పెట్టాడట.

"ఇంతసేపూ ఒక్క అరుపైనా వినపడలేదే," అంది లెక్కలమ్మ.

"వాటి గొంతు మన చెవికి అందదమ్మా, అంత సన్నం. తల్లికి మాత్రం చెక్క అడ్డమున్నా వినిపిస్తుంది." తాత వంగి ట్రే లాగి దూది తీశాడు. కిటికీ సందులోంచి చలిగాలి సూటిగా అక్కడికే కొడుతోంది. ఆరు పిల్లలూ నీలంగా బిగుసుకుపోయి ఉన్నాయి. "అయ్యో, ఇంత జరుగుతుంటే తల్లి ఊరుకుందా?"

"ఊరుకోలేదు తాతా. మేమే ఆపాం."

అన్నాక ఆ మాట ఆమెకే తగిలింది. ఇంట్లో భర్తకి ఏడాది పొడుగునా జలుబు. తనది తొమ్మిదేళ్ళుగా ఎలుకల కంపుకి చచ్చిపోయిన ముక్కు. ముక్కు లేని వాళ్ళిద్దరూ కలిసి, ముక్కున్న ఒక్క మనిషికీ జబ్బని తేల్చారు. పొద్దున్న మీట కట్టిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, అత్తయ్యగారు ఎలా ఉన్నారు?"

"బ్రహ్మాండంగా," అన్నాడాయన బొంగురు గొంతుతో. "చలికి తలుపులూ కిటికీలూ అన్నీ బిగించాను, హాయిగా నిద్రపోతోంది. పొద్దున్నుంచీ వంటింటి గడప తొక్కితే ఒట్టు. మందంటే అదీ. ఉండు, ఇంత టీ పెట్టుకుంటూ మాట్లాడతాను."

"వద్దు, ఆగండి, మీట..."

టక్కుమని లైటరు నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.