కంచు గొంతు

“ఏమే తల్లీ, ఇవాళ ఆలస్యమైందే!”

బస్సు మెట్టు మీద కాలు పెట్టీ పెట్టగానే వినబడిన ఆ మాటకు ఆమె ఒళ్లు మండిపోయింది.

కండక్టర్‌ది కంచు గొంతు. అతను ముందు తలుపు దగ్గర నోరు తెరిస్తే వెనక సీట్లో కునుకు తీసేవాడు ఉలిక్కిపడి లేవాల్సిందే.

“లేవయ్యా బాబూ, కడుపుతో ఉన్నావిడ ఎక్కారు. కళ్లు జేబులో పెట్టుకున్నావా?”

బస్సంతా ఆమె కేసి చూసింది. ఆమె తల దించుకుని కూర్చుంది.

“పట్టుకోవే, మలుపొస్తోంది! అదీ... అయిపోయింది. నేనుండగా నీకు భయమేంటే?”

ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ పళ్లు నూరుకుంది.

ఏమే! ఒసే! కట్టుకున్నవాడు కూడా ఏనాడూ అలా పిలవలేదు. పైగా ఆ చూపొకటి. మనిషన్నాక ముఖం చూసి మాట్లాడాలి కదా, చూపెప్పుడూ కిందికే!

ఆమె పనిచేసేది గ్రంథాలయంలో. అక్కడ దగ్గడానికి కూడా బయటికి వెళ్లాలి. ఇంటికొస్తే మరీనూ. భర్తది కరెంటు సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ. పగలంతా నిద్ర. గిన్నె మీద గరిటె మోగకూడదు. మెలకువగా ఉన్నా ఆయన మాటలు లెక్కబెట్టుకునే మనిషి.

అలాంటి ఆమెకు రోజూ ఈ రభస.

ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. కండక్టర్ జనాన్ని తోసుకుంటూ ఆమె సీటు దాకా వచ్చాడు.

“ఏమే, ఉలుకూ పలుకూ లేదు? అలిగావా ఏంటి?”

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇక ఆమె ఊరుకోలేదు. సాయంత్రం నేరుగా డిపోకి వెళ్లింది.

“మీ కండక్టర్‌కి ఆడవాళ్లతో మాట్లాడే మర్యాద తెలీదండీ.”

“మేం చూసుకుంటాం మేడమ్,” అన్నాడు మేనేజర్.

మర్నాటి నుంచి కొత్త కండక్టర్. ఆమె ఎక్కినా, దిగినా తలెత్తి చూడని మనిషి. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆడపిల్ల పుట్టింది.

పిల్లకు తెలిసిన ఇంటి చప్పుడల్లా ఒకటే: “ష్... నాన్న పడుకున్నారు.”

పాలు తాగేది. పడుకునేది. లేచి పైకప్పు చూస్తూ ఉండేది. మూడో నెల వచ్చినా పిలిస్తే చూడదు. ఊ కొట్టదు.

“బంగారు తల్లి, ఏడుపే ఎరగదు,” అని మొదట మురిసిన ఆడపడుచే ఒకనాడు పిల్ల ముఖంలోకి అదేపనిగా చూసి, “వదినా, దీనికి చెవులు...” అని నాలుక్కరుచుకుంది.

ఆమె పిల్లనెత్తుకుని మర్నాడే ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి నవ్వింది.

“చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా. ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారు?”

“మాట్లాడ్డమా? దానికేం అర్థమవుతుందండీ?”

“అర్థమయ్యాక మాట్లాడదామని కూర్చుంటే ఇక అయినట్టే! మాట చెవిన పడుతుంటేనే కదా మాట వచ్చేది. కడుపులో ఉండగానే వినడం మొదలుపెడతారు వీళ్లు. పోనీ, అప్పుడు మీ పక్కన ఎక్కువగా మాట్లాడిందెవరు? ఆ గొంతు వినిపించి చూడండి.”

ఆమె గ్రంథాలయాన్ని గుర్తు చేసుకుంది. ఇంటినీ గుర్తు చేసుకుంది.

“ఎవరూ లేరండీ,” అంది చిన్నగా.

తిరిగి వెళ్లడానికి బస్టాండుకొచ్చింది. జనం, హారన్లు, ఒకటే గోల. భుజం మీద పిల్ల ఎప్పట్లాగే మూగగా ఉంది.

“ఒరేయ్, ఆ సంచీ కాస్త పైకందించరా!”

వెనక నుంచి ఆ కంచు గొంతు.

భుజం మీద పిల్ల కదిలింది.

తూలిపోతున్న తలను అతికష్టం మీద నిలబెట్టుకుంది. గొంతు వచ్చిన వైపుకి మెల్లగా తిరిగింది. కళ్లు చక్రాలయ్యాయి. పెదవులు ముడుచుకుని, విప్పుకుని...

“ఊ...”

ఆమె అడుగు ఆగిపోయింది.

“జాగ్రత్తరా, అందులో గాజుసామాను ఉంది!”

“ఊ... ఊఁ...”

అంత గోలలోనూ పిల్ల ఆ ఒక్క గొంతుకే పలుకుతోంది. ఆమె వెనక్కి తిరిగింది.

దూరపు ఊరి బస్సు పక్కన అతను. ఖాకీ బట్టలు లేవు. సాగనంపడానికి వచ్చిన కండక్టర్లిద్దరు కళ్లు తుడుచుకుంటున్నారు.

“ఎవరో కంప్లైంటిస్తే బస్సు దించి షెడ్డు పనిలో వేశారు గానీ, ఇంకా సర్వీసు ఉంది కదన్నా. ఎందుకు మానేశావ్?”

“పలకరించడానికి మనిషి లేనిచోట నేనేం చేసేదిరా? సొంతూళ్లో పడుంటా. నన్ను మర్చిపోయినా నా గొంతు మర్చిపోలేరు, పోండి!”

నవ్వుతూ ఇటు తిరిగి ఆమెను చూశాడు. గబగబా వచ్చి చేతులు జోడించాడు.

“నమస్కారం మేడమ్. మీరు కులాసాగా ఉన్నారా?”

మేడమ్? మీరు?

ఆమె పిల్లను భుజం మీంచి చేతుల్లోకి తీసుకుంది.

డ్రైవర్ హారన్ కొట్టాడు. అతను వెళ్లబోతూ ఆగి, పిల్ల ముఖంలోకి వంగాడు.

“ఏమే తల్లీ! మొత్తానికి బయటికొచ్చావటే!”

పిల్ల బోసినోరంతా తెరిచి నవ్వింది. పుట్టాక అదే మొదటి నవ్వు.

“ఏమండీ... ఒక్క నిమిషం...” అని ఆమె అనేలోగా అతను పరిగెత్తి బస్సెక్కేశాడు.

బస్సు కనుమరుగయ్యాక గానీ ఆమెకు తట్టలేదు: ఆ మనిషి తనతో మాట్లాడడం ఇవాళే మొదలనీ, అన్నాళ్లూ బస్సులో మాట్లాడిందంతా తన బిడ్డతోననీ.