తమాలెల అలక

చర్చి నుంచి చుట్టాలు వచ్చే వేళయింది. రెండు గంటలుగా ఆవిరి మీదున్నా, మొక్కజొన్న ఆకుల్లో చుట్టిన తమాలెలు ఇంకా పచ్చిపిండిగానే ఉన్నాయి.

"వంటింట్లో పోట్లాట జరిగితే తమాలెలు అలుగుతాయి. ఎవరితో పెట్టుకున్నావే?" అంది అత్తగారు బెనీతా.

"పొద్దుట్నుంచీ ఒక్కదాన్నే కదత్తయ్యా!" ఒతీలియా నుదురు కొట్టుకుంది. "నేనో మొద్దుని. దేనికీ పనికిరాను."

"ఆగాగు. ఇందాకట్నుంచీ నాకు వినపడ్డ తిట్లన్నీ నీకేనా? అవే నేను తిడితే ఊరుకుంటావా?"

"మీ జుట్టు పట్టుకోనూ!" అనేసి ఒతీలియా నాలిక్కరుచుకుంది.

"మరింకేం, పోట్లాట జరిగినట్టే. తిట్టినవాళ్లు క్షమాపణ చెప్పి, కుండ ముందు చిందెయ్యాలి. ఊఁ, కానీ."

"ఎవరికి చెప్పనూ?"

అత్తగారు కుండమీది సత్తు మూత తీసి, తుడిచి, ఆమె మొహానికెదురుగా పట్టుకుంది.

ఒతీలియా అందులోని మసక మొహంవైపు బెరుగ్గా చూసింది. "తప్పయిపోయిందే పిల్లా," అంది. "తెల్లారగట్ల లేచావు. నూటిరవై చుట్టావు. ఒక్కటీ విడిపోలేదు. నువ్వు మొద్దెలా అవుతావే?"

చెబుతుంటేనే నవ్వొచ్చింది. నవ్వుతూనే చిందేసింది.

"ఉడికాయా అత్తయ్యా?"

బెనీతా పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసింది. "ఇంకా లేదు. ఆపకు, పొగుడు."